కాదంటే వినేదెవరు?

మా ఇళ్ళలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. డబ్బా అడుగున గ్లాసు గీసుకుంటున్న చప్పుడు వీధి అరుగు దాకా వినిపిస్తున్నా, వంటింట్లోంచి వచ్చే కబురు మాత్రం ‘బియ్యం నిండుకున్నాయి’ అనే. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గడప దాటే మనిషి వెళ్ళడు, వెళ్ళొస్తాడు. ఇంట్లో ‘లేదు’ అన్న మాట పైకి అనకూడదని, అన్నామంటే ఆ వేళకు అటుగా పోతున్న తథాస్తు దేవతలు దాన్ని ఖాయం చేసేస్తారని పెద్దవాళ్ళు బెదిరించేవారు. ఆ దేవతలకు మంచిమాటలు వినపడవా, వాటికి తథాస్తు అనరా అని మా బామ్మను అడిగితే, ‘నువ్వు మంచిమాట ఎప్పుడన్నావు గనక?’ అంది.

ఇంతమందిని ఇంతకాలం భయపెట్టిన మాట ఎంతుందా అని చూస్తే రెండక్షరాలు. సంస్కృతంలో ఇంకా చిన్నది, ఒకే ఒక్క అక్షరం: న. పారశీకంలో నా, రష్యన్లో నే, ఇంగ్లీషులో నో. ఇండో-యూరోపియన్ కుటుంబంలో అన్నదమ్ముల్లో చాలామందికి నిరాకరణ ముక్కులోంచే వచ్చింది. అదే మరో మాటకు ముందు అతుక్కుంటే హల్లు ఎదురైనప్పుడు ‘అ’గా, అచ్చు ఎదురైనప్పుడు ‘అన్’గా మారుతుంది. న్యాయం అన్యాయమవుతుంది, అంతం అనంతమవుతుంది. గ్రీకులోనూ ఇదే లెక్క. మనం అమృతం అన్నదాన్ని గ్రీకులు ఆంబ్రోసియా అన్నారు. రెండు పేర్లూ ఒకే వేరువి. రెండింటిలోనూ వెనకున్నది చావు, ముందున్నది ‘కాదు’. దేవతల భోజనానికి అటువాళ్ళూ ఇటువాళ్ళూ పెట్టుకున్న పేరు ఒక నిషేధంతో మొదలవుతుందంటే, దేవతలు ఆ మాటకు మరీ అంత వ్యతిరేకులు కారేమో.

వేదభాషలో ఈ ‘న’కు ఇంకో వేషం కూడా ఉంది. లోకవ్యవహారంలో ‘న’ నిషేధానికే వాడతాం గానీ వేదంలో నిషేధానికీ ఉపమానానికీ రెండింటికీ వాడతారని యాస్కుడు నిరుక్తంలో చెప్పాడు. పోల్చే వస్తువు పక్కన నిలబడితే దాని అర్థం ‘వలె’. ఒకే అక్షరం ‘కాదు’ అనీ ‘లాంటిది’ అనీ రెండు పనులు చేయడం మొదట విడ్డూరంగా తోస్తుంది. కాస్త ఆగి ఆలోచిస్తే అందులో విడ్డూరమేమీ కనబడదు. ఆమె ముఖం చంద్రుడిలా ఉందన్నవాడు ఆ ముఖం చంద్రుడు కాదని ఒప్పుకున్నట్టే. ప్రతి పోలికా ఒక ‘కాదు’ను కడుపులో పెట్టుకునే పుడుతుంది.

అలాగని ‘న’కారం వినగానే నిరాకరణ అనుకోవడానికి వీల్లేదు. గ్రీకులో ‘నె’ అంటే అవును. కొరియన్లోనూ ‘నె’ అంటే అవుననే. ఏథెన్సులో టాక్సీ ఎక్కిన మనవాడు డ్రైవరు ‘నె, నె’ అంటుంటే రానంటున్నాడేమో అనుకుని దిగిపోగలడు. తల ఊపడాన్నీ నమ్మలేం. తల అడ్డంగా తిప్పడం పాలు చాలనుకున్న పసిబిడ్డ రొమ్ము నుంచీ చెంచా నుంచీ ముఖం పక్కకు తిప్పుకోవడంతో మొదలై ఉంటుందని డార్విన్ 1872లో రాశాడు. వినడానికి సబబుగానే ఉంది. బల్గేరియాలో మాత్రం తల అడ్డంగా ఊపితే అవునని అర్థం. అక్కడి పిల్లలూ పాలు తాగే పెరిగారు మరి.

మనుషులు తమను తాము గుర్తుపట్టడానికి కూడా అవును, కాదు పనికొచ్చాయి. ఫ్రాన్సు దక్షిణాన ‘అవును’ను ‘ఓక్’ అనేవారు కాబట్టి ఆ భాషకూ ఆ నేలకూ లాంగ్‌డాక్ అని పేరు వచ్చింది. ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ ఉత్తర భాగాన, గమిలరాయ్ అనే ఆదివాసులున్నారు. వాళ్ళ భాషలో ‘గమిల్’ అంటే కాదు. గమిలరాయ్ అంటే ‘గమిల్ కలవాళ్ళు’. కాదనడానికి ఆ మాట వాడేవాళ్ళు అన్నమాట. పక్కనున్న విరాజురీల పేరు వెనకా ఇదే కథ. వాళ్ళ ‘కాదు’ వేరు, అందుకే వాళ్ళ పేరు వేరు. నువ్వెవరివి అని అడిగితే నేను కాదనే తీరు ఇది అని చెప్పుకోవడం నాకు చాలా నచ్చింది. అవునన్నప్పుడు అందరం ఒకేలా ఉంటాం. మనిషి బయటపడేది కాదన్నప్పుడే.

ఇంత చిన్న మాటలు ఎక్కడి నుంచి వచ్చాయని తవ్వితే, ఒక్కొక్కటీ ఒకప్పటి పెద్ద మాటే అని తేలుతుంది. సంస్కృతంలో ‘న’, ‘అస్తి’ కలిసి నాస్తి అయింది. రష్యన్ల ‘న్యెత్’ కూడా ఒకప్పుడు ‘ఇక్కడ లేదు’ అన్న పూర్తి వాక్యం. ఇంగ్లీషు ‘నో’ను విప్పితే ‘ఎన్నడూ కాదు’. జర్మన్ ‘నైన్’, లాటిన్ ‘నోన్’ రెంటినీ విప్పితే ‘ఒక్కటీ కాదు’. ఇంగ్లీషు ‘నాట్’లో ఉన్నది ‘ఏ వస్తువూ కాదు’. అంటే ఇవన్నీ ఒకనాడు ఎవరో బల్లగుద్ది చెప్పిన మాటలు. నలిగి నలిగి ఇప్పుడు ఒక ఊపిరి పొడుగుకు కుదించుకుపోయాయి.

ఈ అరుగుదల గురించి డెన్మార్క్ భాషాశాస్త్రవేత్త ఒటో యెస్పర్సన్ 1917లో ఒక పుస్తకమే రాశాడు. నిరాకరణ పదం వాడగా వాడగా ఊనిక తగ్గి బలహీనపడుతుంది. అదొక్కటీ చాలదనిపించి జనం దానికి మరో మాటను తోడు తెస్తారు. కొన్నాళ్ళకు తోడొచ్చిన మాటే అసలు నిరాకరణ అయి కూర్చుంటుంది, పాతది జారిపోతుంది. తర్వాత కొత్తదానికీ అదే గతి. దీనికి ఫ్రెంచి భాష పెట్టింది పేరు. అక్కడ నిరాకరణ మొదట ‘నె’ ఒక్కటే. నడవను అని గట్టిగా చెప్పాలంటే ‘పా’ చేర్చారు. పా అంటే అడుగు. తినను అనడానికి రొట్టె తునక, తాగను అనడానికి చుక్క కూడా అలాగే తోడొచ్చాయి. చివరికి అడుగు గెలిచింది. ఇవాళ ఫ్రెంచివాళ్ళు మామూలు మాటల్లో ‘నె’ను మింగేసి ‘పా’ ఒక్కటే అంటున్నారు. నడకతో సంబంధం లేకపోయినా సరే, ‘తెలియదు’ అనడానికీ అడుగే.

పరాయి భాష సంగతి అనిపిస్తుంది గానీ మనమూ ఆ దారిలోనే ఉన్నాం. కోపం వచ్చినవాడు కదలను అనడు, అడుగు కదలను అంటాడు. అలిగినవాడు మెతుకు ముట్టడు. ఒట్టేసినవాడు చుక్క తాగలేదంటాడు. అడుగు, మెతుకు, చుక్క: ఫ్రెంచివాళ్ళ సరంజామా అంతా మన దగ్గరా ఉంది, పైగా చిల్లిగవ్వ, వీసమెత్తు, నలుసంత మన సొంతం. లేదు చాలక లేనే లేదు, అది చాలక అస్సలు లేదు, అదీ చాలక అమ్మతోడు లేదు. ఎవరూ అడక్కుండానే ఇంత బలం ఎందుకు పోస్తున్నాం? మాట అరిగిపోవడానికి నోటి వాడకం ఒక్కటే కారణం కాదు, చెవికీ అందులో వాటా ఉంది. మొదటిసారి అన్న ‘లేదు’ను అవతలివాళ్ళు లేదుగా తీసుకుని ఉంటే రెండోసారి అమ్మ మీద ఒట్టు పెట్టే అవసరం ఉండేది కాదు. ప్రపంచంలో ఏ భాషలో నిరాకరణ పదం చరిత్ర చూసినా నాకు అందులో వినిపించుకోని శ్రోతలే ఎక్కువగా కనిపిస్తారు.

ఇక మన సొంత పెట్టె తెరుద్దాం. ఇంగ్లీషు ‘నో’కు తెలుగులో ఏమంటారని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పలేం. దేనికి నో, అని ఎదురడగాలి. ఇది అది అవునా అంటే కాదు. ఉందా అంటే లేదు. కావాలా అంటే వద్దు. మూడూ మూడు దారుల్లో వచ్చాయి. ‘కాదు’ ‘అవు’ అనే క్రియకు వ్యతిరేక రూపం. ‘అవును’ కూడా ఆ క్రియదే. అంటే తెలుగులో అవును, కాదు ఒక తల్లి బిడ్డలు. ‘వద్దు’ ఒకప్పుడు ‘వలదు’. వలయునన్న దానికి ఎదురు మాట. ‘లేదు’ కన్నడ మలయాళాల్లోని ‘ఇల్ల’కూ, తమిళ ‘ఇల్లై’కీ తోబుట్టువు. మన అలవాటు ప్రకారం అక్షరాలు అటూ ఇటూ జరిగి, లోపలి లకారం మొదటికి వచ్చింది.

ఈ తేడా ఎంత పదునైనదో ఆస్పత్రి వరండాలో తెలుస్తుంది. లోపల డాక్టరు లేడంటే బెంచీ మీద కూర్చోవచ్చు. లోపలున్నాయన డాక్టరు కాడంటే లేచి పరుగెత్తాలి. చైనావాళ్ళకీ ఇలాంటి ఏర్పాటు ఉంది: ‘బు’ ఒకటి, ‘మెయ్’ ఒకటి. ‘మెయ్’ మన లేదులాగే ఉండటాన్ని కొట్టేస్తుంది. అంతేకాదు, మనం ‘నిన్న రాలేదు’ అని జరిగిపోయినదానికి లేదును వాడినట్టే వాళ్ళూ అక్కడ ‘మెయ్’నే వాడతారు. ‘రేపు రాను’ అనాల్సినచోట ‘బు’ వస్తుంది. ఎక్కడి పచ్చసముద్రం, ఎక్కడి బంగాళాఖాతం!

మన తార్కికులు దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్ళారు. లేకపోవడం కూడా లోకంలో ఒక పదార్థమే అని వైశేషికులు తర్వాతి కాలంలో ద్రవ్యం, గుణం వగైరా ఆరింటికి అభావాన్ని ఏడోదిగా చేర్చారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం ఇవాళ్టికీ తర్కం మొదలుపెట్టేవాళ్ళకు తొలి పాఠం. అందులో అభావాలు నాలుగు. కుండ చేయక ముందు కుండ లేకపోవడం ప్రాగభావం. కుండ పగిలాక లేకపోవడం ప్రధ్వంసాభావం. ఎప్పుడూ లేకపోవడం అత్యంతాభావం. కుండ బట్ట కాకపోవడం అన్యోన్యాభావం. పేర్లు వింటే గుండె ఆగుతుంది గానీ వీటన్నిటినీ మనం బడికి వెళ్ళక ముందే నేర్చుకున్నాం. ఇంకా లేదు, ఇక లేదు, లేనే లేదు, కాదు. అంతే. పేపర్లో ఫలానావారు ఇక లేరు అని చదివినప్పుడు ఆ ‘ఇక’ అనే రెండక్షరాలు ప్రధ్వంసమంత బరువునూ మోస్తాయి. పెళ్ళైన మూడేళ్ళకు కోడల్ని పలకరించి ‘ఇంకా ఏమీ లేదా?’ అనే పెద్దమ్మ ఆశ పెట్టుకున్నది ప్రాగభావం మీద.

పుస్తకాలవాళ్ళ విభజన ఇలా ఉంటే, పిల్లల విభజన ఇంకా ఆశ్చర్యం. ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకుంటున్న చిన్నపిల్లలను దగ్గరగా గమనించి లోయిస్ బ్లూమ్ అనే పరిశోధకురాలు 1970లో ఒక సంగతి చెప్పింది. వాళ్ళు అనే ‘నో’ పైకి ఒకటే గానీ లోపల మూడు. మొదట వచ్చేది వస్తువు కనిపించడం లేదన్న నో. తర్వాత అక్కర్లేదని తోసేసే నో. అన్నిటికన్నా ఆలస్యంగా, నువ్వన్నది నిజం కాదనే నో. లేదు, వద్దు, కాదు! ఏ తెలుగు వ్యాకరణమూ తెరవని మనిషి, తెలుగు ఒక్క ముక్క రాని పిల్లల నోళ్ళలోంచి మన మూడు మాటలనూ వరసగా బయటికి తీసింది. వాళ్ళకు ఉన్న మాట ఒక్కటే కాబట్టి మూడర్థాలనూ అందులోనే కుక్కుకున్నారు, పాపం.

ఈ ఇరుకు నేను దగ్గర్నుంచి చూశాను. మా అక్క మనవరాలు డాలస్ నుంచి వచ్చింది, మూడేళ్ళది. గ్లాసుతో పాలు తెచ్చి తాగవే అంటే ‘నో’ అంది. మా అక్క ఊరుకునే రకం కాదు. ‘నో ఏమిటే? వద్దా? చల్లారిపోయి బాగా లేదా? ఇవి పాలు కాదంటావా?’ అని ప్రశ్నపత్రం ఇచ్చింది. పిల్ల గ్లాసులోకి చూసి, కాసేపు ఆలోచించి, ‘షుగర్ నో’ అంది. పంచదార లేదని తేలింది. వేసి ఇస్తే గటగటా తాగేసింది. నో ఒక్కటే అయితే పాలు వెనక్కి పోయేవి. అడిగే ఓపికున్న అమ్మమ్మ ఉండబట్టి లేదు, వద్దు వేరయ్యాయి.

తెలుగు క్రియలో మరో చిత్రం ఉంది. చేస్తాను అన్నప్పుడు మధ్యలో కాలం చెప్పే ‘తా’ ఉంటుంది. చేశాను అన్నప్పుడూ కాలం గుర్తు ఉంటుంది. చేయను అన్నప్పుడు ఆ గుర్తు మాయం. ధాతువు, దాని పక్కనే మనిషి. ద్రావిడ భాషలు కాలం గుర్తును తీసేయడం ద్వారానే నిరాకరణను చెబుతాయని కాల్డ్వెల్ 1856 నాటి తన ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంలో గమనించాడు. అక్కడ ఏమీ లేకపోలేదు, ‘చేయ’ చివర వినిపించే అకారమే వ్యతిరేక ప్రత్యయం అన్నది తర్వాతివాళ్ళ మాట. ఏదైనా కాలం మాత్రం లేదు. ‘వాడు అబద్ధమాడడు’ అంటే నిన్న ఆడలేదని, ఇవాళ ఆడటం లేదని, రేపూ ఆడబోడని మూడూ కలిపి ఒకే మాటలో హామీ ఇచ్చినట్టు. అవుననడానికి మనకు వేళాపాళా కావాలి. కాదనడానికి అక్కర్లేదు. శాకాహారం, సత్యం, పంతం లాంటివన్నీ తెలుగులో కాలం లేని ఈ క్రియల్లోనే బతుకుతున్నాయి: తినడు, ఆడడు, దిగడు.

ఇన్ని సౌకర్యాలు ఉన్న జాతి కాదనాల్సిన చోట చేసేదేమిటి? చూద్దాం అంటుంది. ఆఫీసుల్లో ‘చూద్దాం’ అంటే కాదు. ‘పైకి పంపించాం’ అంటే లేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాఫీ తాగి, మూతి తుడుచుకుని, ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అంటే పిల్ల నచ్చలేదు. గుమ్మంలో నిలబడ్డవాడికి ‘చెయ్యి ఖాళీ లేదు’ అంటాం. అప్పడిగినవాడికి నా దగ్గర లేదు అనకుండా ‘డబ్బులెక్కడివీ?’ అని అతన్నే ప్రశ్నిస్తాం. ‘నాకేం తెలుసు’, ‘ఎవరొస్తారు’, ‘ఎందుకొచ్చిన గొడవ’: ప్రశ్న గుర్తు తొడుక్కున్న కాదులు ఇవన్నీ. జపాన్‌వాళ్ళు ఈ విద్యలో మనకు జ్ఞాతులు. వాళ్ళకు ‘ఇయ్యె’ అని శుభ్రమైన మాట ఉన్నా, ముఖం మీద అనడానికి ఇష్టపడక ‘కొంచెం...’ అని వాక్యాన్ని గాల్లో వదిలేస్తారు. వినేవాడు మిగతాది పూరించుకోవాలి.

దీనికి తిరగేసిన పద్ధతీ ఉంది. రెండు కాదులు కలిపి ఒక నీరసమైన అవునును తయారుచేస్తాం. ఇష్టం లేకపోలేదు, తెలియకపోలేదు, కాకపోదు. రెండు అవునులు కలిపితే కాదు అవుతుందా? అలా ఏ భాషలోనూ జరగదని ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త ఆస్టిన్ ఒక ఉపన్యాసంలో అంటుంటే, వెనక వరసలోంచి సిడ్నీ మోర్గెన్‌బెస్సర్ అనే మరో తత్త్వవేత్త తేలిగ్గా ‘యా, యా’ అన్నాడని చెప్పుకుంటారు. ఆ సభలో తెలుగువాడుంటే అంత దూరం కూడా పోయేవాడు కాదు. ‘ఆఁ ఆఁ, చెప్పాడులే’ అనేవాడు. అప్పు తీసుకున్నవాడి గురించి ‘ఇచ్చాడులే!’ అన్నామంటే ఇవ్వలేదని, ఇక ఇవ్వడని, ఇస్తాడనుకున్నవాడు వెర్రివాడని మూడు తీర్పులు.

ఇదంతా మొహమాటం, మర్యాద, సరసం అని ముచ్చటపడుతూ వచ్చాను చాలాకాలం. ఇప్పుడు కొంచెం కంగారుగా ఉంది. ఎందుకంటే ఇలాంటి చోట మాట్లాడేవాడితో పాటు వినేవాడికీ ఒక అలవాటు పడుతుంది. మన విందుభోజనం చూడండి. వడ్డించేవాడు బూరెల బుట్టతో వస్తాడు. తినేవాడు ‘వద్దు’ అంటాడు. అది వద్దు కాదని ఇద్దరికీ తెలుసు. ‘వద్దు వద్దు’ అంటే ఒకటి వేయమని. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందులోంచి వేయమని. విస్తరి మీదికి వంగి నిజంగానే ప్రాధేయపడితే, అదుగో అంత మొహమాటం పనికిరాదని రెండు. ఈ ఆటలో నేనూ రెండు వైపులా ఆడాను, తిన్నాను, తినిపించాను. అయితే పుట్టినప్పటి నుంచీ ‘వద్దు’ను ‘ఇంకొంచెం’ అని చదువుకోవడం నేర్చిన చెవి బంతి దగ్గర ఒక తీరుగా, బయట ఒక తీరుగా పనిచేయదు. పదో తరగతి పిల్ల ఇప్పుడే పెళ్ళి వద్దంటే సిగ్గనుకుంటుంది. బైపీసీ వద్దన్న కుర్రాడికి ఏం తెలుసనుకుంటుంది. వెంటపడొద్దన్న అమ్మాయి అలా అనడం మామూలేనని, పట్టు విడవకపోతే మెత్తబడుతుందని ఎన్ని సినిమాలు తీసుకున్నాం మనం!

పైగా మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే అని సామెత ఒకటి సిద్ధంగా ఉంది: మౌనం అర్ధాంగీకారం. ఇంగ్లండులోనూ ఈ సూత్రం ఉంది. దాన్ని నమ్ముకున్న ఒకాయన కథ కాదులతోనే మొదలవుతుంది. ఇంగ్లీషులో ఒకప్పుడు కాదనడానికి రెండు మాటలుండేవి. మామూలు ప్రశ్నకు ‘నే’, వ్యతిరేకంగా అడిగిన ప్రశ్నకు ‘నో’. బైబిలును ఇంగ్లీషు చేసిన టిండేల్ ‘నే’ అనాల్సిన చోట ‘నో’ అన్నాడని థామస్ మోర్ 1532లో తప్పుపట్టాడు. అంత సూక్ష్మంగా కాదును తూచిన ఆ మనిషికే తన కాదు చెప్పుకునే రోజు వచ్చింది. ఎనిమిదో హెన్రీ రాజును మతాధిపతిగా ఒప్పుకుంటూ ప్రమాణం చేయమంటే మోర్ చేయలేదు, కాదనీ అనలేదు. విచారణలో, న్యాయసూత్రం ప్రకారం మౌనం అంగీకారమే కదా, నా మౌనాన్నీ అలాగే తీసుకోండి అని వాదించాడు. ఆ ఒక్కసారి మాత్రం న్యాయస్థానం మౌనంలో కాదును చక్కగా వినగలిగింది. 1535లో అతని తల తీశారు. మౌనానికి ఏ అర్థం చెప్పాలో ఎప్పుడూ బలవంతుడే నిర్ణయిస్తాడు. ఆడపిల్ల మౌనం అంగీకారమవుతుంది, ఎదిరించినవాడి మౌనం ద్రోహమవుతుంది.

మన చట్టం ఈ తిరకాసును 2013లో సరిచేసింది. అత్యాచార నేరంలో సమ్మతి అంటే సందేహానికి తావులేని, ఇష్టపూర్వకమైన ఒప్పుకోలు అని, శరీరంతో ప్రతిఘటించలేదు గనక ఒప్పుకున్నట్టే అనడానికి వీల్లేదని రాసింది. సామెతను చట్టం కొట్టేయడం అరుదు. 2016లో హిందీలో వచ్చిన పింక్, 2021లో దాన్ని తెలుగులో తీసిన వకీల్ సాబ్ రెండూ కోర్టు కథంతా ఈ ఒక్క చిన్న మాట చుట్టూ తిప్పాయి. ఒక మాటకు అర్థం అదే అని చెప్పడానికి రెండున్నర గంటల సినిమా, నల్లకోటు వేసిన పెద్ద హీరో కావలసి వచ్చిందంటే లోపం ఆ మాటలో లేదు.

సుప్రీంకోర్టు 2013 సెప్టెంబర్ 27న ఓటరుకు కూడా ఒక ‘కాదు’ ఇచ్చింది. ఓటింగ్ యంత్రం మీద అభ్యర్థుల పేర్లన్నీ అయ్యాక చివరి బొత్తాం, నోటా. పైవాళ్ళలో ఎవరూ వద్దని నొక్కవచ్చు. నొక్కినవాళ్ళను లెక్కపెడతారు, సంఖ్య ప్రకటిస్తారు. కానీ శాసనసభకైనా లోక్‌సభకైనా, నోటాకే అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా, మిగిలినవాళ్ళలో ముందున్నవాడే గెలిచినట్టు. కాదనడానికి హక్కు వచ్చింది. ఆ కాదుకు పని మాత్రం ఇంకా దొరకలేదు.

విన్నవాళ్ళూ ఉన్నారు. గ్రీసులో అక్టోబర్ 28 జాతీయ పండుగ. దాని పేరు ‘ఓహి’ రోజు. ఓహి అంటే కాదు. 1940లో ఆ తెల్లవారుజామున ఇటలీ రాయబారి ప్రధాని మెటాక్సాస్ ఇంటికి వెళ్ళి, మా సైన్యాన్ని మీ దేశంలోకి రానివ్వండి అని ముసోలినీ తాఖీదు చేతికిచ్చాడు. మెటాక్సాస్ నిజానికి ఆ రెండక్షరాలు అనలేదట. అయితే ఇక యుద్ధమే అని ఫ్రెంచిలో అన్నాడట. తెల్లారేసరికి జనం దాన్ని ఒక్క మాటకు కుదించి వీధుల్లోకి తెచ్చారు. తమాషా ఏమిటంటే ఆ మెటాక్సాస్ 1936 నుంచీ నియంత. తన ప్రజల్లో ఎవరి కాదునూ చెవిన పెట్టని మనిషి. ఆ ప్రజలే అతని కాదును విని, పట్టుకుని, ఇవాళ్టి దాకా పండుగ చేసుకుంటున్నారు. ఒక నిరాకరణ చరిత్రలో నిలిచిందంటే అన్నవాడి ధైర్యం సగమే, అందుకున్నవాళ్ళది మిగతా సగం.

అందుకే ‘గట్టిగా కాదనడం నేర్చుకోండి’ అని పిల్లలకు చెప్పే పాఠాల మీద నాకు సగం నమ్మకమే ఉంది. గట్టిదనం మన దగ్గర లేనిదేమీ కాదు. మూడు మాటలున్నాయి, కాలాన్ని కూడా దాటిపోయే క్రియలున్నాయి, అడుగు, మెతుకు, చిల్లిగవ్వ, అమ్మతోడు అన్నీ ఉన్నాయి. వాటి బరువు పెంచుకుంటూ పోతే యెస్పర్సన్ చెప్పిన చక్రం మరో చుట్టు తిరుగుతుంది తప్ప మరేమీ జరగదు. వినేవాళ్ళు మారితేనే ఆ చక్రం ఆగుతుంది. దానికి మొదటి అభ్యాసం పెద్ద పెద్ద చోట్ల కాదు, బంతిలోనే మొదలుపెట్టవచ్చు. విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి ఒక్కసారి వద్దన్నవాడిని ఆ ఒక్కసారికే వదిలేసి పక్క విస్తరికి వెళ్ళండి. మొహమాటానికి వద్దన్నవాడైతే ఆ పూట ఒక బూరె నష్టపోతాడు; వచ్చే పెళ్ళికి కావాలనుకున్నది కావాలి అని అడగడం నేర్చుకుంటాడు.